పన్నెండు బీర్లు, ఒక రాయి

మా వనపర్తిలో స్కానింగ్ చేసినాయన తెర మీద ఒక తెల్లటి చుక్కను చూపించి, దాని ఈ చివర నుంచి ఆ చివరకు గీత లాగి "ఆరు పాయింట్ రెండు" అన్నాడు. మిల్లీమీటర్లు. నేను పాలిటెక్నిక్ చదివి, నాగర్‌కర్నూల్ వైపు ఒక ఎత్తిపోతల పంప్‌హౌస్‌లో షిఫ్టు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఏదైనా కొలత తెలిస్తే నాకు కొంత ధైర్యం వస్తుంది. ఆ రోజు రాలేదు. అప్పటికి మూడు రోజులుగా నిద్ర లేదు. నడుము ఎడమ పక్క మొదలై గజ్జల్లోకి దిగే ఆ నొప్పి వచ్చినప్పుడు కూర్చోలేను, పడుకోలేను, గోడకు నుదురు ఆనించి నిలబడతాను. బేరింగులో మన్ను పడిన పంపు ఎట్లా మూలుగుతుందో చాలాసార్లు విన్నాను. నా గొంతులోంచి వచ్చిందీ దాదాపు అదే చప్పుడు.

డాక్టరు మాత్రలు రాశారు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమన్నారు. మూత్రం ప్రతిసారీ జాలితో వడగట్టి చూడమన్నారు. పదిహేను రోజులకు మళ్లీ స్కానింగు, అప్పటికీ రాయి పడకపోతే మహబూబ్‌నగర్ పోయి లేజరు. చీటీలో అంతే ఉంది. బీరు మాట చెప్పింది బయట మాత్రలు ఇచ్చే కంపౌండరు.

"నీళ్లు ఎన్నని తాగుతవు తమ్మీ? దినాం ఒక బీరు గొట్టు. రాయి గిట్ల జారిపోతది" అని అరచేతిని వాలుగా పెట్టి చూపించాడు.

నా వెనుక వరసలో నిలబడ్డవాళ్లలో ఇద్దరు అవునన్నారు. ఒకాయన తన తమ్ముడికి నాలుగో బీరుకే పడిందన్నాడు. ఆటోలో ఇంటికి వస్తుంటే ఆటో ఆయన కూడా అదే చెప్పాడు. మా వైపు రాయి అన్న మాట వినపడగానే బీరు అన్న మాట దానంతటదే వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాయన తాగడం మానేసి అప్పటికి ఏడేళ్లు.

ఆయన కొత్తకోటలో లారీల కమాను పట్టీలు విప్పి బిగించే మెకానిక్కు. పొద్దంతా హైవే పక్కన పని, పొద్దుగూకితే కల్లు కంపౌండు. అక్కడ తాగింది చెట్టు నుంచి దిగిన కల్లు కాదు, మత్తుమందు కలిపిన కల్లు. దానికి అలవాటు పడిన ఒళ్లు, అది అందని రోజున ఎవరి మాటా వినదు. మానేసిన మొదటి పదకొండు రోజులు దవాఖానలో ఆయన కాళ్లూ చేతులూ అమ్మ చీరలతో మంచానికి కట్టి ఉంచాం. అక్కడ లేని మనుషులతో మాట్లాడేవాడు. కట్టేసిన చేతుల వేళ్లతోనే గాలిలో బోల్టులు విప్పేవాడు. నేను అప్పుడు పాలిటెక్నిక్ రెండో ఏడాది. ఇంటికి వచ్చాక శ్రీరంగాపూర్‌లో భజనలు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి పోయి తులసి మాల వేసుకున్నాడు. మా దగ్గర తాగుడు మానాలనుకునేవాళ్లు చాలామంది చేసే పనే అది. మాల మెడలో ఉంటే మాంసం లేదు, మందు లేదు. చావు ఇంటికి పోవాల్సి వస్తే మాల తీసి కొయ్యకు తగిలించి, వచ్చి స్నానం చేసి మళ్లీ వేసుకోవచ్చు. తాగితే మాత్రం అట్లా కుదరదు. భజనలో పదిమంది ముందు తాగానని ఒప్పుకుని, పెద్దాయన చేతుల మీదుగా మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. ఏడేళ్లలో నాయనకు ఆ అవసరం రాలేదు. మాల పూసల మీద మాత్రం గ్రీజు పట్టి నల్లబడింది.

కాబట్టి మా ఇంట్లోకి బీరు సీసా రావడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. తెలిసే తెచ్చుకున్నాం.

నాకు ఇరవై ఆరేళ్లు వచ్చినా అప్పటిదాకా బీరు రుచి తెలియదు. ఎందుకు తెలియదో చెప్పక్కరలేదు. బండి మీద కూర్చుంటే చాలు నొప్పి లేస్తోంది కాబట్టి నేను పోలేను. అమ్మ వైన్స్ ముందుకు పోదు.

"నేను తెస్త" అన్నాడు నాయన.

ఉలవలు చెరుగుతున్న అమ్మ చేతిలో చాట ఆగింది. "నువ్వా?"

"మల్లెవరు? వాడు గోడ వట్టుకొని ఏడుస్తుంటె సూస్కుంట కూసోనా?"

"ఇంకెవరినన్న పంపుదాం."

"నువ్వు పంపినోడు సగం తాగి, సగం తెస్తడు" అని నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

నాకప్పుడే మాత్ర పనిచేయడం మొదలుపెట్టింది. నొప్పి తగ్గుతున్న ఆ నిమిషంలో మనిషికి ఇంకేమీ పట్టదు. "లైటుది తే నాయినా, స్ట్రాంగ్ వద్దు" అన్నాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

మొదటి సీసా ఆకుపచ్చది. పనిసంచిలోంచి పద్నాలుగు నంబరు పానా తీసి, మూత కింద పెట్టి, బొటనవేలు ఆనించి నాయన ఒక్క తిప్పు తిప్పాడు. మూత ఎగిరిపోలేదు, ఆయన అరచేతిలోనే పడింది. ఏడేళ్ల తరువాత కూడా చెయ్యి మరిచిపోలేదన్నమాట. అమ్మ చూసింది. నేనూ చూశాను. స్టీలు గ్లాసులో పోసి నాకిచ్చి, ఆయన దూరంగా గడప మీద కూర్చున్నాడు.

వేపపుల్ల నమిలి ఉమ్మకుండా మింగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది, మీద సోడా పొంగు.

"ఎట్లుంది?" అన్నాడు.

"చేదుగుంది."

"మొదట్ల అందరికి గట్లనే..." అని అంతలోనే ఆగి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

ఆ రోజు నూటా నలభై మిల్లీలీటర్లు తాగగలిగాను. ఆరువందల యాభైలో మిగిలింది ఐదువందల పది. తిరిగి వచ్చాక నాయనే సీసా తీసుకుపోయి పెరట్లో బట్టల బండ పక్కనున్న మోరిలో పారబోశాడు.

రోజుకొక కొత్త బీరు అన్న ఆలోచన నాది. ఇష్టం కొద్దీ వచ్చింది కాదు. రాయి పడేదాకా దినాం తాగక తప్పదనుకున్నాను, మొదటిది మింగుడు పడలేదు, అన్నీ ఒకే రకంగా ఉండవు గనక తక్కువ బాధ పెట్టేది ఏదో వెతికి పట్టుకుంటే మిగిలిన రోజులు దానితో గడిచిపోతాయి. పంప్‌హౌస్‌లో గంటగంటకూ వోల్టేజి, కరెంటు, బేరింగు వేడి రాసే చెయ్యి నాది. ఒక గళ్ల కాగితం తీసి నిలువు గీతలు గీశాను. వరస నంబరు, సీసా రంగు, చల్లదనం, చేదు పదికి ఎంత, తాగింది ఎంత, మిగిలింది ఎంత, మరుసటి పొద్దున నొప్పి పదికి ఎంత. రాయికి మంచిదని అమ్మ రోజూ పొద్దున్నే కాచి ఇచ్చే ఉలవకట్టుకు గడి పెట్టలేదు. ఇంట్లో కాచింది లెక్కలోకి వస్తుందని తోచలేదు.

రెండోది గోధుమరంగు సీసా, చేదు పదికి ఎనిమిది. మూడోది తెల్లసీసా, చేదు ఐదే కానీ సబ్బునీళ్ల వాసన. నాలుగోదానికి చేదు ఆరు, ఆ రోజు రెండువందల అరవై తాగాను. దాన్నే ఖాయం చేద్దామా అనుకుంటే పొద్దున నొప్పి తొమ్మిది. అది బీరు తప్పు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు దాని ముందు అడ్డగీత పెట్టాను.

నాయన కొత్తకోట నుంచి బస్సు దిగి, వైన్స్‌కు పోయి, ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు అయ్యేది. రాగానే స్నానానికి పోయేవాడు. గ్రీజు పని కదా, ఎప్పుడూ పోయేవాడే. తరువాత వచ్చి గడప మీద కూర్చుని నేను రాసేది చూసేవాడు.

"ఇయ్యాలటిది ఎంతేసినవు?"

"ఏడు."

"దుకాణపోడు మస్తుగుంటదన్నడే. ఏం దెలుసు వానికి" అని తల ఊపేవాడు. ఒకరోజు తనే నవ్వుతూ చెప్పాడు. "నన్ను జూసి ఏమంటుండు ఎరుకనా? 'ఏందన్నా, మల్ల షురూ జేసినవా? గిప్పుడు దినానికొక రకం గావాల్నా?' అంటుండు."

"నువ్వేమన్నవు?"

"కొడుక్కన్న. 'అందరు గట్లనే అంటరన్నా' అన్నడు."

నేను నవ్వాను. ఆ నవ్వు గురించి తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఊళ్లో నాయన చేతిలో సీసా చూసినవాళ్లు ఒక్క దుకాణదారే కాదు. భజనకు వచ్చేవాళ్లు అడుగుతున్నారని అమ్మ ఉలవకట్టు ఇస్తూ చెప్పింది. "ఏమని చెప్పాల్నో నువ్వే చెప్పు" అంది. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాను. నిద్ర లేని మనిషికి పక్కవాళ్ల కష్టం కూడా ఒక చప్పుడులాగే వినిపిస్తుంది, ఆగితే బాగుండుననిపిస్తుంది.

ఆరో రోజు గద్వాల నుంచి మేనమామ వచ్చాడు, అమ్మకు తమ్ముడు, చీరల వ్యాపారం. చీరలు తెచ్చే సంచిలోనే వార్తాకాగితాలు చుట్టిన రెండు సీసాలు తెచ్చాడు.

"అల్లుడా! ఊరూరికి నీళ్లెక్కిచ్చె ఇంజనీరువి, ఒక్క రాయి దింపలేవా? మీ పంపు వెట్టి గుంజరాదు?"

నవ్వితే నొప్పి లేస్తుందని పళ్లు బిగబట్టాను.

"ఇగో, ఇవి మీ వనపర్తిల దొరకవు. ఇదేమో గోధుమ బీరంట. తాగాల్నో రొట్టె జేస్కోవాల్నో తెల్వదు" అంటూ ఒకటి విప్పి పోశాడు. నారింజ తొక్క వాసన. చేదు నాలుగు, అన్నిటికంటే తక్కువ. మూడువందలు తాగాను. ఇది దినాం దొరుకుతుందా అని అడిగితే, దుకాణంలో ఆ రెండే ఉన్నాయన్నాడు.

మామ ఇంకో గ్లాసు అందుకుని పోసి నాయన వైపు జరిపాడు. "బావా, ఒక్క గుక్క. ఇది మందు గాదు, బార్లీ నీళ్లు."

"బార్లీ నీళ్లు మీ అక్క కాసిస్తది" అన్నాడు నాయన.

"ఏడేండ్లాయె గద బావా. ఇగ ఏమైతది? గట్టిపడ్డవు."

నాయన గ్లాసు వైపు చూడలేదు. మామ వైపూ చూడలేదు. ఇంటి చూరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ గద్వాలలో పుట్టి పెరిగింది. కోపం వస్తే కన్నడ మాట పడుతుంది నోట్లోంచి. "సాకు" అంది. చాలు అని. మామ గ్లాసు ఎత్తి గటగటా తనే తాగేసి, చీరల మాటలోకి దిగాడు. ఏడో రోజు మామ తెచ్చిన రెండో సీసా. దానికి ఎంత వేశానో గుర్తులేదు. కాగితం చూస్తే తెలుస్తుంది కానీ చూడాలని లేదు.

ఎనిమిదో రోజు పంప్‌హౌస్‌లో నాతో షిఫ్టు చేసేవాడు నన్ను చూడడానికి వచ్చాడు. సెలవులో హైదరాబాదు పోయినవాడు ఒక డబ్బా తెచ్చాడు. ఏల్ అని రాసి ఉంది దాని మీద, అదీ ఒక రకం బీరేనట. ఎర్రగా, చిక్కగా, కాల్చిన బెల్లం వాసనతో ఉంది. ఇంత ఖరీదైనదాన్ని తాగకపోతే బాగుండదని అతని ముందు తాగాను, మొఖం చిట్లించకుండా. నూటా ఇరవై. అంతకుమించి పోలేదు. ఐదువందల్లో మిగిలింది మూడువందల ఎనభై. కాగితం మీద రాశాను. అతను వెళ్లిపోయాడు, అమ్మ మహిళా సంఘం మీటింగుకు పోయింది, నాకు మాత్ర మత్తు వచ్చి పడుకున్నాను. నిద్రలోకి జారుతుంటే నాయన వచ్చి డబ్బా తీసుకోవడం వినిపించింది. "పారబోస్త" అన్నాడు. ఎప్పుడూ అనేదే.

మరునాడు పొద్దున బట్టల బండ దగ్గర పళ్లు తోముకుంటున్నాను. వారం రోజులుగా అక్కడ పుల్లటి వాసన, మోరి అంచున చీమలు, ఎండిన నురగ చారలు. కొత్త చార లేదు. మోరి పొడిగా ఉంది. తేడా కనిపిస్తే ఎందుకు అని అడగడం నా ఉద్యోగం. రీడింగు పడిపోతే ముందు మీటరును అనుమానించమంటారు మాకు. అట్లాగే అనుకున్నాను, రాత్రి అమ్మ నీళ్లు పోసి కడిగిందేమో. లోపలికి వచ్చి తువ్వాలు కోసం చెయ్యి చాపితే, దేవుని పటాల పక్కన కొయ్యకు మాల వేలాడుతోంది. నాయన స్నానం చేసి, బువ్వ తిని, అప్పటికే కొత్తకోట పోయాడు.

అడగలేదు. అమ్మనూ అడగలేదు. ఎవరైనా చనిపోయారా అని అడిగితే చాలు, తేలిపోయేది. అడగకుండా నా తరహాలో ఒక ఉపాయం చేశాను. మిగిలింది ఎంత అన్న గడిలో సున్నా పడేటట్టు చూడాలి. మిగలకపోతే పారబోసేది ఉండదు. ఆ సాయంత్రం నాయన కొత్తకోట హైవే మీద దొరికిన కొత్త రకం తెచ్చాడు, వనపర్తిలో రకాలు అయిపోయాయని. ఆయన చొక్కా పై గుండీ విప్పి ఉంది, మెడ ఖాళీగా ఉంది. నేను చూస్తున్నానని తెలిసి గుండీ పెట్టుకున్నాడు. ఆరువందల యాభై మిల్లీలీటర్లు, గుక్క తరువాత గుక్క, గంటన్నర పట్టింది. ఖాళీ సీసా ఆయన చేతికిచ్చాను.

"మొత్తం తాగినవా?" అన్నాడు.

"అలవాటైంది."

పదో రోజు మొత్తం. పదకొండో రోజు మొత్తం. చేదు గడి నింపడం మానేశాను. రాయి మాట కూడా సగం మరిచాను. కడుపు ఉబ్బి, తల బరువెక్కి, పొద్దున లేస్తే నాలుక మీద నాచు పట్టినట్టుండేది. రోజూ పొద్దున్నే మొట్టమొదట కొయ్య వైపు చూసేవాణ్ణి. మాల అక్కడే ఉండేది. సాయంత్రం ఆరు ఎప్పుడవుతుందా అని భయపడేవాణ్ణి, ఆరయ్యాక అది త్వరగా అయిపోవాలని తాగేవాణ్ణి. నేను మానేస్తే ఆయన తేవడం ఆగిపోతుందన్న చిన్న సంగతి నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు. తట్టింది. కానీ మానేయాలంటే ఎందుకో చెప్పాలి, చెప్పాలంటే మాల మాట ఎత్తాలి.

పన్నెండో రోజు సీసా సగంలో ఉండగా నొప్పి లేచింది. మోరి దగ్గరికి పోయేసరికి కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చింది. నాయన వెనుక నుంచి నా నుదురు పట్టుకున్నాడు. నోరు కడిగించి, బట్టల బండ మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు.

"మూడు దినాలసంది సీసా ఖాళీ జేస్తున్నవు. ఎందుకు?"

"రాయి కోసం."

"రాయి కోసం గాదు."

నేను మళ్లీ నోరు పుక్కిలించి ఉమ్మాను.

"కొయ్యకు మాల జూసినవు."

"సూసిన."

"అడగలే."

"అడగలే."

ఆయన మోరి వైపు చూస్తూ చెప్పాడు. "ఎనిమిదో నాడు. ఆ ఎర్ర బీరు. పారబోద్దామనే తెచ్చిన ఈడికి. వంచిన గూడ. వాసనొచ్చింది. ఇగ మోరిల ఒక్క సుక్క పడలే. దుకాణం కాడికి పోయె ముందు దినాం మాల తీసి జేబుల ఏస్కుంటుంటి. ఇంటికొచ్చి తానం జేసి మల్ల ఏస్కుంటుంటి. మీ అమ్మకెరుకనే. ఎనిమిదో నాటిసంది ఏస్కుంట లేను. ఎట్ల ఏస్కుంట? ఇప్పుడు తీసే పనే లేదు, దుకాణంలకు అల్కగ, ఏ అడ్డు లేకుంట పోతున్న. గదే భయమైతుంది రా నాకు."

"మరి చెప్పొద్దా నాయినా, నన్ను పంపకు అని?"

"రెండో నాడే చెప్దామనుకున్న. నువ్వు ఆ కాయిదం ముంగట వెట్కొని చేదు ఎంత, సల్లగ ఎంత అని రాస్తుంటివి. ఆ జరసేపన్న నీకు నొప్పి యాదికి లేకుండె. ఎట్ల చెప్పాలె?"

అమ్మ వెనుక తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. లోపలికి పోయి ఉలవకట్టు గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. పొద్దుగూకాక ఉలవకట్టు ఇవ్వడం అదే మొదటిసారి. మిగిలిన సగం సీసాను ఆమే మోరిలోకి వంచేసింది, మా ఇద్దరి మధ్యలోంచి.

పదమూడో రోజు బీరు లేదు. పదిహేనో రోజు స్కానింగులో రాయి కిందికి జారి మూత్రాశయానికి దగ్గరగా ఉందన్నారు. ఏం చేశావని డాక్టరు అడిగితే కాగితం చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి మొత్తం చదివాడు.

"చేదు పదికి ఏడు" అని పైకి చదివి, కాగితం కింద పెట్టాడు. "నేను నీళ్లు అన్నా. బీరని ఎవరన్నారు?"

కంపౌండరు బయట ఉన్నాడు. పేరు చెప్పలేదు.

"ఆ మాత్రల మీద బీరు! రాసేటప్పుడు చీటీ మీద రాయాల్సింది నేను, తాగొద్దని. బీరుతో మూత్రం ఎక్కువ పోతుంది, ఆ తరువాత ఒళ్లు ఎండుతుంది. జారితే నీళ్లతో జారింది. లేకపోతే దానంతటదే జారింది."

ఉలవకట్టు సంగతి అడిగాను. గడి ఉందా అన్నాడు. లేదన్నాను. "అయితే తెలియదు" అన్నాడు. నా పద్ధతిలో నాకు జవాబు చెప్పినవాడు ఆయన ఒక్కడే.

పదిహేడో రోజు పొద్దున రాయి పడింది. అమ్మ టీ జాలి అందుకోసమే ఇచ్చేసి తనకు వేరేది కొనుక్కుంది. జాలిలో గోధుమరంగు నూక లాంటిది, ముళ్లు ముళ్లుగా. పాలిటెక్నిక్ నాటి వెర్నియర్ కాలిపర్ వెతికి తీసి కొలిచాను. ఆరు పాయింట్ సున్నా. "ఛీ, పారెయ్‌రా దాన్ని!" అని అమ్మ అరిచింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. నిద్ర వచ్చింది. మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

ఆ వచ్చిన ఏకాదశికి నాయన, నేను శ్రీరంగాపూర్ పోయాం. మాల ఆయన జేబులో ఉంది. భజన జరిగే ఇంట్లో చాపల మీద పదిహేను మంది దాకా ఉన్నారు. పెద్దాయన గోడకు ఆనుకుని తాళాలు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నాయన ఆయన ముందు కూర్చుని మాల తీసి చాప మీద పెట్టాడు. అందరూ దాన్ని చూశారు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. ఆయన వేళ్లు చాప మీద బోల్టు విప్పుతున్నట్టు కదిలాయి, దవాఖానలోని ఆ పదకొండు రోజుల తరువాత మొదటిసారి.

"ఎనిమిదో రోజు సాయంత్రం" అన్నాను నేను. "మూడువందల ఎనభై మిల్లీలీటర్లు."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన నా వైపు తిరిగాడు. "మిల్లీలు మాకెందుకు బిడ్డా? తాగిండా తాగలేదా?"

"తాగిండు."

"నువ్వెవరు?"

"కొడుకుని. నాకు కిడ్నీల రాయి ఉండె. బీరు తెమ్మని నేనే పంపిన."

"ఎన్నిసార్లు?"

పన్నెండు అనబోయి ఆగాను. మామ తెచ్చినవి రెండు, షిఫ్టు అతను తెచ్చింది ఒకటి. "తొమ్మిది సార్లు."

పెద్దాయన నాయనను అడిగాడు. "తొమ్మిది సార్లు దుకాణంలకు పోయి, ఒక్కసారి తాగినవా?"

నాయన తల వంచుకునే ఉన్నాడు. "తాగింది తాగుడే గద" అన్నాడు. గొంతు అప్పుడు వచ్చింది.

"తాగుడే" అన్నాడు పెద్దాయన. మాల తీసుకుని పూసల మీది గ్రీజును బొటనవేలితో రుద్దాడు. పోలేదు. "కొత్తదెందుకు, గిదే ఏస్కో. ఇయ్యాలనే మొదటి దినం." మెడలో వేశాడు. అందరూ ఒకసారి చేతులు జోడించారు. ఆయన నన్ను చూపుడు వేలితో పిలిచాడు. "నువ్వు గూడ కూసో. మంగళారతి దాక లేవొద్దు."

మంగళారతి అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నడుము పట్టేసింది కానీ అది మామూలు పట్టుడే. మధ్యలో రెండుసార్లు నాయన పక్కనుంచి నీళ్ల సీసా జరిపాడు, నేను తాగాను.

తిరుగు బస్సులో ఆయన కిటికీ బయటికి చూస్తూ "ఏడేండ్లు పాయె" అన్నాడు. ఏడేళ్లు ఎక్కడికీ పోలేదని చెప్పాలనిపించింది. ఆయన లెక్క ఆయనది.

వనపర్తి బస్టాండులో దిగాక మా ఇంటికి దగ్గర దారి ఆ దుకాణం ముందు నుంచే. నాయన ఆ సందు దాకా వచ్చి ఆగి, కుడికి కాక ఎడమకు తిరిగాడు. అటు పోతే చుట్టు, ఎండలో పావుగంట ఎక్కువ. నాకు కాళ్లు పీకుతున్నాయి.

"దూరమైతదేమో నీకు" అన్నాడు వెనక్కి తిరగకుండా. "నడువగలవా?"

"నడుస్త" అన్నాను. ఆయన చేతిలోని సంచి అందుకుని వెంట నడిచాను.